కబురు మనిషి అన్నం అడిగిన రోజు

గోదావరి మా చర్చి మెట్లు మూడూ ముంచి, గుమ్మం తడపకుండా వెనక్కి మళ్ళిన ఏడాది అది. కాగితాల్లో పంతొమ్మిది వందల ఎనభై ఆరు. మా పేటలో చర్చి వరద అంటే చాలు. జ్ఞానమ్మ వదిన కూతురు దీనమ్మకు జబ్బు చేసింది ఆ వరద తీసిన తర్వాతే.

మా పేట గోదావరి పాయ వైనతేయకు రాజోలు వైపున ఉంది. నది దాటితే అమలాపురం దారి. ఇప్పుడు వంతెన ఉంది. అప్పుడు పడవే.

నేను బాపిరాజు గారి కొబ్బరితోటలో పనివాణ్ణి. చదువు మూడో తరగతి. మాట తక్కువ. ఆ తక్కువ మాట వల్లే నాకు ఇంకో పని వచ్చి పడింది. ఎవరింట్లోనైనా మనిషి పోతే చుట్టాల ఊళ్ళకు కబురు తీసుకెళ్ళే పని.

మా వైపు చావుకబురును చావని ఎవరూ చెప్పరు. "పెద్దగా బాగోలేదండి, రమ్మన్నారండి" అంటారు. అంతే. చెప్పేవాడు చూరు కింద నిలబడే చెప్పాలి. అరుగు మీద కూర్చోకూడదు. ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ఇంటివాళ్ళూ ఇవ్వరు. ఏమైనా అడిగితే తల వంచుకుని సైకిలు తిప్పుకోవాలి. మాటకారిని పంపితే దారిలోనే ఎవరో ఒకరు కూపీ లాగేస్తారు. అందుకని నన్ను పంపేవారు. రాజుల ఇళ్ళకైనా నేనే, మా పేట ఇళ్ళకైనా నేనే. రాజుల ఇళ్ళ దగ్గర గేటు బయట నుంచి చెప్పేవాణ్ణి. మిగతా అంతా ఒకటే.

నాలుగేళ్ళు తిరిగేసరికి నేను నోరు విప్పక్కర్లేకుండా పోయింది. గట్టు మీద నా సైకిలు కనబడితే చాలు, ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. ఒకసారి మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళికి ముమ్మిడివరం వెళ్ళాను. సైకిలు స్టాండు వేస్తుండగానే పెళ్ళికొడుకు నాయనమ్మ నన్ను చూసి, "ఎవరయ్యా, మావాళ్ళలో ఎవరు?" అంటూ గుండె పట్టుకుని కూలబడింది. బాండుమేళం ఆగిపోయింది. మా పెద్దమ్మ పరుగున వచ్చి నన్ను పందిట్లో నడిమధ్య కూర్చోబెట్టి, ఆకు వేయించింది.

"అందరికీ కనబడేలా తినరా నాయనా, నీకు దణ్ణం పెడతాను" అంది.

తిన్నాను. మేళం మళ్ళీ మొదలైంది.

దీనమ్మ నాన్న ప్రకాశరావు నాకు వరసకు అన్న. మిషను బడిలో మాస్టారు. ఆయన పోయినప్పుడు దీనమ్మ కాకినాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కబురు నేనే తీసుకెళ్ళాను.

"నాన్నగారికి పెద్దగా బాగోలేదమ్మాయ్. రమ్మన్నారు" అన్నాను.

వంట చేసే అప్పాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తోటి పిల్లలు తల వంచుకున్నారు. దీనమ్మ మాత్రం, "డాక్టరుకి చూపించేరా బాబాయ్? ఏం మందిచ్చేరు?" అని అడిగింది. నేను మాట్లాడలేదు. రావులపాలెంలో బస్సు ఆగితే దిగి వెళ్ళి నాన్నకని బత్తాయిలు కొనుక్కొచ్చింది. పేట మొదట్లోకి రాగానే ఏడుపులు వినబడ్డాయి. అప్పుడు తెలిసింది దానికి. సమాధి దాకా ఆ బత్తాయిల సంచీ చేతిలోనే ఉంది.

కొన్నాళ్ళకు నా దగ్గరకు వచ్చి కూర్చుంది. "బాబాయ్, ఆ బస్సులో మన వెనక సీటు ముసలాయనకి కూడా తెలిసిపోయింది. నాకే తెలియలేదు. హాస్టల్లో ఉండి ఉండి, ఏం మాట చెబితే ఆ మాటే వినడం అలవాటైపోయింది" అంది.

కోపంగా అనలేదు. లెక్క తప్పినవాడు మళ్ళీ మొదటినుంచీ చూసుకున్నట్టు అంది.

తర్వాత వాల్తేరు యూనివర్సిటీకి వెళ్ళి పెద్ద చదువు చదివింది. దేని గురించి అంటే, జబ్బు కబురు గురించే. జబ్బు సంగతి ఎవరు ఎవరికి ఎలా చెబుతారు, విన్నవాళ్ళు ఏం అర్థం చేసుకుంటారు అని. రాజుల ఇళ్ళలో ఒకలా, మా పేటలో ఒకలా, ఆస్పత్రిలో కేరళ నుంచి వచ్చిన నర్సులు ఒకలా చెబుతారట. రేడియో చెప్పే తీరు వేరట, ఆరోగ్యశాఖ వ్యాను తెచ్చి వేసే సినిమా చెప్పే తీరు వేరట. ఒకళ్ళ మంచిమాట ఇంకొకళ్ళకు శాపనార్థంలా వినబడుతుందట. మా సంఘపెద్ద నతానియేలు, అంటే జ్ఞానమ్మ వదిన అన్నగారు, ఇదంతా విని మొదట నవ్వారు.

"దీనికి డాక్టరు పట్టా ఇస్తారటే అమ్మాయ్?"

"ఇస్తారు మావయ్యా."

"అయితే మీ అత్తకి ముందు ఇప్పించు. ఈ పేటలో ఎవరికి తుమ్మొచ్చినా రాజోలు దాకా చెప్పొస్తుంది."

డెబ్బై ఏడు ఉప్పెన తర్వాత దీనమ్మ ఓ టేపురికార్డరు భుజాన వేసుకుని వచ్చి, ఆ ఏడాదంతా మా పేటలోనే ఉండి తిరిగింది. వ్యాను సినిమా వేస్తుంటే అందరూ తెర వైపు చూసేవారు. అది తెరకు వీపు పెట్టి కూర్చుని జనం మొహాలు చూసేది. నేను కబురు తీసుకెళ్తుంటే సైకిలు వెనక ఎక్కి వచ్చేది. ఇంటికి కాస్త దూరంలో దిగిపోయి కొబ్బరిచెట్ల చాటున నిలబడేది. తిరిగి వస్తుంటే అడిగేది.

"నువ్వేం చెప్పేవు బాబాయ్?"

"బాగోలేదన్నాను."

"వాళ్ళేం విన్నారు?"

"పోయేడని."

"మరి నిజంగా బాగోలేకపోతే, మనిషి బతికే ఉంటే, ఏం చెబుతావు?"

"అప్పుడు నన్ను పంపరమ్మాయ్."

దిగేటప్పుడు, "ఇది నా పుస్తకంలో మొదటి మాట బాబాయ్" అంది. తర్వాత నిజంగానే పుస్తకం అయింది. ఇంగ్లీషులో. దాంతో యూనివర్సిటీలో లెక్చరరు ఉద్యోగం వచ్చింది. ఢిల్లీ వెళ్ళి మాట్లాడి వచ్చింది. విరేచనాలు అయ్యే పిల్లలకు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టమని రేడియోలో చెప్పింది. అంతకు ముందు డాక్టర్లు చెబితే మావాళ్ళు విననిది, అది "నీళ్ళు మానితే పిల్ల వాడిపోతుందర్రా, నారుకి నీళ్ళు మానతామా" అని చెబితే విన్నారు. పంచాయతీ రేడియో చుట్టూ ఆడవాళ్ళందరూ చేరి విన్నారు. వదిన మాత్రం గోడకు చేరబడి, "ఊరందరి పిల్లలకీ నీళ్ళు పట్టమని చెబుతోంది గానీ, తన పెళ్ళి కబురు ఒక్కటి చెప్పదు" అంది. అందరూ నవ్వారు. వదినా నవ్వింది. కొంగుతో రేడియో మీద దుమ్ము తుడిచింది.

టేపురికార్డరు సంగతి ఇంకొంచెం చెప్పాలి. పేటలో పెద్దవాళ్ళ మాటలు, పాటలు దీనమ్మ అందులో పట్టేది. చర్చిలో కీర్తన ఎత్తుకునే ముసలి అచ్చమ్మ గొంతు పట్టింది. మరుసటేడు అచ్చమ్మ పోయింది. దీనమ్మ సెలవలకు వచ్చినప్పుడు అచ్చమ్మ కొడుకులు వచ్చి, ఒక్కసారి వేయమ్మా అని అడిగారు. వేసింది. పేటంతా వచ్చి విని ఏడ్చింది. అక్కడినుంచి ఏటా అదే. ఎవరు పోతే వాళ్ళ గొంతు వేయమనేవారు. బతికున్నవాళ్ళ గొంతు వేయబోతే, "ఎదురుగానే ఉన్నారు కదమ్మా, వాళ్ళదెందుకు" అనేవారు. అలా ఆ పెట్టెలోంచి మాట వస్తే పోయినవాళ్ళ మాటే అనుకోవడం మావాళ్ళకు అలవాటైపోయింది.

చర్చి వరద తీయగానే దీనమ్మ వాల్తేరు నుంచి వచ్చింది. వదిన చేతి అన్నం ఒక పూట తిని, నది మధ్య లంక ఊళ్ళ మీద పడింది. బురద, కుళ్ళిన అరటిబోదెలు, చచ్చిన గొడ్లు. నేను టేపురికార్డరూ ఉప్పూ పంచదారా మోసుకుని వెంట తిరిగాను. అప్పటికి దానికి ముప్పై దాటాయి. మోకాళ్ళ లోతు నీళ్ళలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేది.

ఒక లంకలో ఉండగా జ్వరం వచ్చింది. మామూలు జ్వరమేలే అంది. కళ్ళు పచ్చబడ్డాయి. పడవ మీద తీసుకెళ్ళి అమలాపురంలో ఆస్పత్రిలో చేర్చాను. జ్వరం వచ్చింది, తగ్గాక ఇంటికి వస్తానని రేవులో పడవ నడిపే గంగరాజు చేత వదినకు చెప్పించింది. వదినకు తెలిసింది అంతే.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరమ్మది కేరళ. మన భాష పుస్తకంలో నేర్చుకున్నట్టు మాట్లాడుతుంది. శనివారం పొద్దున్న నన్ను వరండాలోకి పిలిచింది.

"మూత్రపిండాలు పని చేయడం లేదు. ఈమె బతకదు. ఈ రోజు లేక రేపు. తల్లిని పిలిపించండి."

నా జన్మలో ఒక మనిషి గురించి అంత తిన్నగా ఎవరూ నాతో చెప్పలేదు. లోపలికి వెళ్ళాను. దీనమ్మ నా మొహం చూసింది.

"ఏమంది బాబాయ్?"

నేను మాట్లాడలేదు.

"నువ్వు మాట్లాడకపోతే ఏమిటో నాకు తెలుసు. దాని మీదే కదా నా ఉద్యోగం" అని నవ్వింది. తర్వాత, "అమ్మని చూడాలి" అంది.

"వెళ్ళి తీసుకొస్తాను."

"నువ్వు కాదు. నిన్ను చూస్తే నేను పోయాననుకుంటుంది. ఇంకెవరినైనా పంపు."

ఎవరిని పంపను. కరెంటు స్తంభాలూ టెలిఫోను స్తంభాలూ పడిపోయి ఉన్నాయి. గట్లు తెగి బస్సులు లేవు. ఆస్పత్రిలో రాజోలు వైపు వెళ్ళేవాళ్ళెవరైనా ఉన్నారేమోనని కాంపౌండరును అడిగాను. లేరన్నాడు. వచ్చి అదే చెప్పాను.

దీనమ్మ కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత టేపురికార్డరు దగ్గర పెట్టమంది. మీట నొక్కి మాట్లాడింది. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. ఆగినప్పుడు మీట ఎత్తేసింది, ఆయాసం అమ్మకు వినబడకూడదని.

"ఇది వేసి వినిపించు. నవ్వుతూ వెళ్ళు బాబాయ్."

"నాకు నవ్వు రాదమ్మాయ్."

"తెలుసులే. వెళ్ళు."

రేవులో గంగరాజును బతిమాలాను. "నువ్వు వెళ్ళి చెప్పు తమ్ముడూ. నీ నోట వింటే నమ్ముతారు."

"పడవ వదిలి ఎలా రానండీ బాబూ? బియ్యం బస్తాలు అవతల దింపకపోతే తాసిల్దారు గారు నన్ను నీళ్ళలో దింపుతారు." నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "దీనమ్మగారు... ఎప్పుడండీ?"

"బతికే ఉంది."

"ఆయ్" అన్నాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. నమ్మలేదు.

పేట గట్టు ఎక్కేసరికి మార్తమ్మ బట్టలు ఆరేస్తోంది. ఆవిడ వదినకు పక్కింటావిడ. నన్ను చూసింది. చేతిలో తడిబట్ట నేల మీద పడింది. "ఓలమ్మో, జ్ఞానమ్మొదినా" అని ఒక్క కేక పెట్టింది. నేను వదిన చూరు కిందకు చేరేలోపల ముంగిలి నిండిపోయింది.

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. చేట చేతిలో ఉంది. బియ్యం ఏరుతోంది కాబోలు.

"వదినగారండీ, దీనమ్మకి బాగోలేదు. రమ్మంటోంది. బతికే ఉంది."

చేట పడలేదు. మెల్లగా కిందపెట్టి, ఉన్నచోటే కూర్చుంది. ఆడవాళ్ళు చుట్టూ మూగి పట్టుకున్నారు. ఒకళ్ళు వదిన జుట్టు ముడి విప్పేశారు. మార్తమ్మ రాగం ఎత్తుకుంది.

"బతికే ఉందండీ" అన్నాను. "పొద్దున్న నాతో మాట్లాడింది. నవ్వింది. డాక్టరమ్మ తల్లిని తీసుకురమ్మంది. ఇప్పుడు బయలుదేరితే చూడొచ్చు. నేను అబద్ధం చెప్పట్లేదు. దేవుడి తోడు."

నా జీవితంలో ఒక్క గుక్కలో అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. నతానియేలు నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్ళారు. ఆయన కళ్ళు అప్పటికే ఎర్రబడ్డాయి.

"పాపారావూ, నువ్వింత మాట్లాడుతున్నావంటేనే తెలిసిపోతోందిరా. పిల్ల మీద నీకున్న ప్రేమ అలాంటిది. ఇంక ఊరుకో."

"మావా, నిజంగా..."

"ఊరుకో. ఎప్పుడు పోయిందో అదొక్కటి చెప్పు. శవాన్ని తేవాలి కదా."

టేపురికార్డరు అరుగు మీద పెట్టాను. "దాని నోటే వినండి" అని మీట నొక్కాను. ఏడుపు ఆగింది.

"అమ్మా, నేను దీనమ్మని. బాబాయ్‌ని చూసి భయపడకు. నేను బతికే ఉన్నాను. ఇవాళ శనివారం, పొద్దున్న. నీరసంగా ఉంది, అంతే. నర్సు ఇడ్లీ పెట్టింది గానీ సయించలేదు. నీ చేతి గంజి తీసుకురా, కాస్త ఉప్పెయ్యి. మావయ్యని కంగారు పెట్టొద్దని చెప్పు. బాబాయ్‌తో వచ్చెయ్యమ్మా."

చివర చిన్న నవ్వు. తర్వాత గరగర.

ముంగిలి ఒక్కసారి గొల్లుమంది. అచ్చమ్మ గొంతు విన్నప్పుడు ఏడ్చినట్టే ఏడ్చారు. "నవ్వుతా పోయింది తల్లి, నవ్వుతా పోయింది" అని మార్తమ్మ గుండెలు బాదుకుంది.

"శనివారమని చెప్పింది, విన్నారా? శనివారం అంటే ఇవాళే" అన్నాను.

"విన్నాన్రా" అన్నారు నతానియేలు. "పొద్దున్న ఉంది. మాట్లాడింది. తర్వాత పోయింది. అందుకే నువ్వొచ్చేవు."

ఆయన పనులు పురమాయించడం మొదలుపెట్టారు. శవప్పెట్టె తేవడానికి పెద్ద పడవ సిద్ధం చేయమని గంగరాజుకు చెప్పి రమ్మని ఒకరిని పంపారు. సమాధుల దొడ్డిలో ప్రకాశరావు మాస్టారి పక్కన చోటు చూసి తవ్వమని నలుగురు కుర్రాళ్ళను పంపారు. అంతర్వేదిలో ఉన్న వదిన అక్క వచ్చేదాకా తల్లిని కదపకూడదన్నారు. వదినను చాప మీద కూర్చోబెట్టారు. ఆమె ఏడవడం లేదు. నా వైపే చూస్తోంది. నమ్మాలని ఉంది ఆమెకు. నమ్మడానికి ఏమీ దొరకడం లేదు.

పొద్దు నెత్తి మీదకు వస్తోంది. నేను చూరు కిందే నిలబడి ఉన్నాను. ఎవరూ కూర్చోమనలేదు. ఎవరూ మంచినీళ్ళు తేలేదు. కబురు మనిషికి తేరు కదా. అప్పుడు ముమ్మిడివరం పెళ్ళిపందిరి గుర్తొచ్చింది.

నడిచి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను. కాళ్ళు బార్లా చాపాను. ముంగిలి అంతా నా వైపు తిరిగింది.

"వదినగారండీ, ఆకలేస్తోంది. అన్నం పెట్టండి."

ముందుగా తేరుకున్నది నతానియేలు.

"సిగ్గు లేదురా నీకు? మతి పోయిందా? లేవరా అక్కణ్ణించి!"

"ఆకలేస్తోందండి" అన్నాను మళ్ళీ. వదిన వైపే చూస్తూ అన్నాను.

వదిన లేచింది. పట్టుకున్న చేతులు విదిలించుకుంది. లోపలికి వెళ్ళింది. సత్తు కంచంలో అన్నం, మాగాయ ముక్క తెచ్చి నా ముందు పెట్టింది. చెంబుతో నీళ్ళు పెట్టింది. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. నాలుక మీద అది మట్టిలా ఉంది.

"మింగు" అంది వదిన.

మింగాను. ఇంకో ముద్ద పెట్టుకున్నాను. అదీ మింగాను. నీళ్ళు తాగాను. వదిన నా గొంతు వైపే చూస్తోంది. తర్వాత నోటి మీద చెయ్యి వేసుకుని, "ఉంది" అంది. మెల్లగా అంది. "అన్నయ్యా, నా కూతురు ఉంది. వీడు తింటున్నాడు చూడు."

మార్తమ్మ రాగం మధ్యలో ఆగిపోయింది. నతానియేలు గోడ పట్టుకుని నిలబడ్డారు.

వదిన జుట్టు ముడి వేసుకుంది. పొయ్యి మీద అన్నం వార్చిన గంజి ఇంకా వెచ్చగానే ఉంది. మూత ఉన్న గిన్నెలో పోసి, ఉప్పు వేసి, గుడ్డ కట్టింది. నాకంటే ముందు గట్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు అరవై దగ్గర. నేను వెనకబడ్డాను. సమాధుల దొడ్డికి వెళ్ళిన కుర్రాళ్ళను వెనక్కి పిలవాలని ఆ సందడిలో ఎవరికీ తోచలేదు.

రేవుకు వెళ్ళేసరికి గంగరాజు లేడు. బియ్యం పడవ అవతల కట్టేసి, పెట్టె కోసం పెద్ద పడవ తేవడానికి ఎగువకు వెళ్ళాడట. ఇంకో పడవ లేదు. వరదకు కొట్టుకుపోయినవి పోగా మిగిలినవి అవే. నది ఎర్రగా, వెడల్పుగా పారుతోంది. మధ్యలో ఇంకా చెట్లు కొట్టుకొస్తున్నాయి.

వదిన రేవు రాయి మీద కూర్చుంది. గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. మధ్యమధ్య చెయ్యి ఆనించి వేడి చూసుకుంటోంది.

"చల్లారిపోతోంది పాపారావూ."

"అక్కడ వెచ్చబెట్టిస్తానండి."

"అది చల్లారింది తాగదు. చిన్నప్పుడూ అంతే." కాసేపు నది చూసింది. "వాళ్ళ నాన్నకి బత్తాయిలు తెచ్చింది, గుర్తుందా నీకు?"

"ఆయ్."

"వారం దాకా చూరుకి వేలాడుతూనే ఉన్నాయి. ఎవరికీ తినబుద్ధి కాలేదు. పారెయ్యబుద్ధీ కాలేదు. చివరికి అదే ఒలిచి వీధిలో పిల్లలకి పెట్టింది. అమ్మా, ఇంకెవరికీ ఇలా జరగకుండా చదువుతానంది. ఏం చదువుతావే, చావులు ఆపుతావా అన్నాను. చావులు కాదమ్మా, కబుర్లు అంది. నాకేం అర్థం కాలేదు."

గంగరాజు పెద్ద పడవతో వచ్చేసరికి పొద్దు పడమటికి వాలింది. మమ్మల్ని చూసి, వదిన చేతిలో గిన్నె చూసి, తెల్లబోయాడు.

"అయ్యో, బతికే ఉన్నారా అండీ? నేను ఈ పడవ కోసం పోయేనండీ! చెప్పొద్దూ..."

"వెయ్యరా గెడ" అంది వదిన.

అవతలి ఒడ్డున బియ్యం దింపి వెళ్తున్న ట్రాక్టరు ఆపి ఎక్కించాను. తెగిన చోట్ల దిగి నడిచాం. గిన్నె నన్ను పట్టుకోనివ్వలేదు. అమలాపురం చేరేసరికి ఆస్పత్రిలో లాంతర్లు వెలిగిస్తున్నారు.

డాక్టరమ్మ వరండాలోనే ఎదురైంది. వదినను చూడగానే ఎవరో పోల్చుకుంది. దగ్గరకు వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"ఆమె చనిపోయింది అమ్మా. ఒక గంట కూడా కాలేదు. మీ కోసం అడుగుతూ ఉంది."

తిన్నగా చెప్పింది. చుట్టూ తిప్పలేదు. వదిన ఆమె వైపు చూడలేదు. నా వైపు తిరిగింది.

"నువ్వు నా ఇంట్లో అన్నం తిన్నప్పుడు నా కూతురు బతికే ఉందా?"

"ఉందండి."

"డాక్టరమ్మా, మధ్యాహ్నం నా కూతురు ఉందా?"

"ఉంది అమ్మా. నాతో మాట్లాడింది."

వదిన తల ఊపింది. లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. గిన్నె గుడ్డ విప్పి, గంజి వేలితో తడిపి దీనమ్మ పెదవులకు రాసింది. "ఉప్పేశానే" అంది. అప్పుడు ఏడ్చింది.

ఆ రాత్రి సంగతి రాయను. ఆ టేపు వదిన తన ట్రంకుపెట్టెలో దాచుకుంది. పేటవాళ్ళు ఎన్నిసార్లు అడిగినా వేయనివ్వలేదు.

తెల్లారి మేం రేవు దాటాం. పెద్ద పడవ పనికొచ్చింది. శవాన్ని ఇంటికి చేర్చాక నతానియేలు నా దగ్గరకు వచ్చారు. నా మొహం చూడకుండా మాట్లాడారు.

"అంతర్వేది వెళ్ళాలి పాపారావూ. పెద్దచెల్లికి కబురు..."

"వేరేవాళ్ళని పంపండి" అన్నాను.

ఆయన రెట్టించలేదు. నేను సమాధుల దొడ్డి వైపు వెళ్ళాను. ప్రకాశరావు మాస్టారి పక్కన గొయ్యి నిన్ననే తవ్వేసి ఉంది. మాది నది పక్క నేల. అందులోనూ వరద తీసిన నేల. గొయ్యి తవ్వగానే పెట్టె దించేయాలి. ఒక పొద్దు ఆగితే నీరు ఊరిపోతుంది. గొయ్యి నడుము లోతున నిండి ఉంది. నీళ్ళ మీద కొబ్బరాకు ఒకటి తేలుతోంది.

చర్చి వెనక నుంచి బకెట్టు తెచ్చాను. పంచె ఎగగట్టి గోతిలోకి దిగాను. తోడిపోస్తుంటే పక్కల నుంచి మళ్ళీ ఊరుతోంది. ఎవరో వచ్చి నేను దిగనా అని అడిగారు. వద్దన్నాను. పెట్టె వచ్చేదాకా తోడుతూనే ఉన్నాను.